పేలాలకు లేచిన జనం

విల్డా మోకాలు పాడైపోయింది. ఆ సంగతి తల్లి ఒటీలీకి తప్ప స్టూడియోలో ఎవరికీ తెలియదు. సూది మందు పొడిపించుకుని, పళ్ళు బిగబట్టి, సినిమాలో తన బాలే నాట్యం ఎలాగో పూర్తి చేసింది. ఇక ఈ జన్మలో మునివేళ్ళ మీద లేవలేదు. స్టేజీల మీద ఇన్నేళ్ళు ఆడిందంతా ఏ రాత్రికి ఆ రాత్రే గాల్లో కలిసిపోయింది. మిగిలేది ఈ ఒక్కటే. అందుకే గుండె చిక్కబట్టుకుని గ్లెండేల్ పేట థియేటర్లో తల్లి పక్కన చివరి వరసలో కూర్చుంది.

హాలీవుడ్ వాళ్ళకి ఒక పాడు అలవాటుంది. కొత్త సినిమాని చెప్పాపెట్టకుండా ఏదో ఒక పేటలో, వేరే ఆటకని వచ్చిన జనానికి వేసి చూపిస్తారు. వాళ్ళు పెదవి విరిస్తే కత్తెర పడుతుంది. చిన్నప్పటి నుంచీ ఒళ్ళు హూనం చేసుకుని నేర్చిన విద్యకి, పేలాలు నమిలేవాళ్ళా తీర్పరులు! ఏం చెప్పమంటారు.

నిర్మాత బ్రాండల్ తెర వంక చూడటం లేదు. జనం తలకాయలే చూస్తున్నాడు.

నాట్యం మొదలైంది. తెల్లటి బట్టల్లో విల్డా తేలిపోతోంది.

"ఇంత బాగా ఎప్పుడు చేశావే, నా తల్లీ!" అంటూ ఒటీలీ కూతురి చెయ్యి నొక్కింది.

ముందు వరసలో ఒకాయన లేచాడు. "ఈ గెంతులయ్యేలోగా పేలాలు తెస్తా."

"నాకూ ఓ పొట్లం! ఉప్పెక్కువ వెయ్యమను!"

ఆ వెనకే ఇంకో ఇద్దరు. తర్వాత వరసకి వరసే లేచింది.

ఒటీలీ ఆగలేకపోయింది. "కూర్చోండయ్యా! అది మా పిల్ల!"

"మీ పిల్లయితే ఇంటికి తీసికెళ్ళి ఆడించుకో, మామ్మా!" అన్నాడెవడో. హాలంతా గొల్లుమంది.

పరిగెత్తి తలుపుకి అడ్డం నిలబడదామనుకుంది విల్డా. లేవబోతే మోకాలు కలుక్కుమంది. చచ్చినట్టు కూర్చుండిపోయింది.

ఆట అయ్యాక బ్రాండల్ వరండాలో వాళ్ళ దగ్గరికొచ్చాడు. "నాకు నచ్చిందమ్మా, ఒట్టు. కానీ జనం లేచిపోయారు, చూశావుగా. నాట్యం తీసేస్తున్నా. నువ్వు కుర్చీలో కూర్చుని నవ్వే ముక్క ఉంచుతాలే."

"నేనింక ఆడలేనండీ. మోకాలు పోయింది. అదే నా ఆఖరిది."

పాపం, అతని మొహం మాడిపోయింది. "ముందే చెప్పాల్సింది కదమ్మా!"

"చెబితే ఆడనిచ్చేవారా?"

అతను టోపీ తీసి చేతుల్లో తిప్పసాగాడు.

"పోనీ, కత్తిరించిన ఫిలిం నాకిచ్చెయ్యండి. ఇంట్లో దాచుకుంటాను."

"ఇవ్వకూడదమ్మా. ఈ ఫిలిం పెట్రోలు లాంటిది, ఇంట్లో పెడితే భగ్గున అంటుకుంటుంది. పనికిరాని ముక్కలన్నీ కరిగించి, ఫిలిం పూతలో ఉండే వెండి తీసేస్తారు."

విల్డా గోడకి చేరగిలబడిపోయింది. ఒటీలీకి మాత్రం ఇంకా ఆశ చావలేదు. అతని కోటు పట్టుకుంది.

"అయితే ఆ వెండన్నా ఇప్పించు నాయనా. పిల్లకి ఓ ఉంగరం చేయిస్తాను."

బ్రాండల్ తల దించుకున్నాడు. "ఉంగరానికి చాలదమ్మా," అన్నాడు.