రాయి మీద పేరు

అలివేలుమంగ బతుకంతా అంట్ల మధ్యే గడిచింది. తెల్లారి లేస్తే వంటింట్లో అంట్లు తోమాలి. ఎనిమిదయ్యేసరికి నర్సరీ షెడ్డులో కూర్చుని మందారాలకీ మామిళ్ళకీ అంట్లు కట్టాలి. భోజనాలయ్యాక మళ్ళీ అంట్లు తోమాలి. తేడా ఏంటంటే, తోమినవి ఇంట్లోనే పడుంటాయి, కట్టినవి లారీ ఎక్కి పూణే, బెంగుళూరు చూస్తాయి. ఆవిడ మాత్రం పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో కడియం నుంచి రాజమండ్రి బట్టల షాపుల దాకా ప్రయాణం చేసింది. అక్కడ కూడా "లోకనాథ్ గారి మిసెస్ వచ్చేరు, కుర్చీ వెయ్యండి" అన్నారేగానీ, కుర్చీలో కూర్చున్న మనిషికి పేరుందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పొద్దున్న లోకనాథ్ నాలుగో ఇడ్లీ చట్నీలో ముంచుతూ అన్నాడు, "మంగా, బెంగుళూరు పార్టీ నాలుగున్నరకి లారీ పెడుతున్నారు. ఆ కొత్త మందారం రెండొందల కుండీలూ వాళ్ళకే. దానికి లోకనాథ్ గోల్డ్ అని పెడదాం. లేబుళ్ళు రాసి గుచ్చేసెయ్. చూసి రాయి, లారీ ఎక్కాక పేరు మారదు."

అది నిజమే. కడియంలో కొత్త మొక్కకి బారసాల జరిగేది లారీ మీదే. మొదటి లోడుతో ఏ పేరు గోదావరి వంతెన దాటితే దేశమంతా అదే పేరు.

ఇంతకీ ఆ మందారం ఎక్కడిదనుకున్నారు? మూడేళ్ళ కిందట కూతురు కీర్తిప్రియ బొమ్మలేసి పారేసిన బ్రష్షు తీసుకుని, ఎండెక్కకముందే ఒక పసుపు పువ్వు పుప్పొడిని ఒక తెల్ల పువ్వుకి అద్ది, కాడకి ఎర్రదారం కట్టింది అలివేలుమంగ. "పూలకి పెళ్ళిళ్ళు తర్వాత చేద్దువుగానీ, చారులో ఉప్పు చూసుకో" అన్నారు అత్తగారు. ముప్ఫై ఒక్క గింజలు పాతితే ఇరవయ్యారు మొలిచాయి. పాతిక మొక్కలు పనికిమాలిన పూలు పూశాయి. ఇరవయ్యారోది మాత్రం పసుపు రాసిన మొహాన కుంకుమ పెట్టినట్టు విచ్చుకుంది. "టైంపాస్‌కి బాగానే ఉంది" అన్నాడు లోకనాథ్ అప్పుడు. ఇప్పుడా టైంపాస్‌కి గిరాకీ పుట్టేసరికి దానికి ఆయన పేరు కావాల్సొచ్చింది. ఆ నర్సరీలో లేబుల్ ఆయనది, లేబరు ఈవిడది.

అంట్లు తోమడమయ్యాక, రెండింటికి, ఆవిడ షెడ్డులో కొబ్బరిపొట్టు నింపిన కోకోపీట్ బస్తా మీద కూర్చుంది. లేబుళ్ళ పెట్టె పక్కనే ఉంది. అయినా ముందు టాబ్ తీసింది. కీర్తిప్రియ కాకినాడ హాస్టలుకి వెళ్తూ వదిలేసిన, మూల పగిలిన టాబ్ అది. "ఇందులో ఆటొకటి వేసేనమ్మా. నీకు నచ్చుద్ది, అన్నీ మొక్కలే" అంది వెళ్ళేముందు. లోకనాథ్ తన ఫోన్లో కారు రేసులాడతాడు. దాంట్లో మూడు లైఫులుంటాయి. ఇంట్లో ఉన్నది ఒక్క వైఫే, అందుకని అన్నిటికీ ఆ ఒక్కదాన్నే వాడుతుంటాడు. ఈ ఆటలో రేసుల్లేవు, తుపాకుల్లేవు. ఉప్పుగాలికి మోడైపోయిన దీవి, అందులో పన్నెండు చెట్లు, గుడిసెలో తలుపేసుకుని కూర్చున్న చూపులేని ఒక అవ్వ. నీళ్ళు మోసి, మట్టి మార్చి ఆ చెట్లని బతికించాలి. అంతే. రోజూ ఆపేముందు "సేవ్ చెయ్యాలా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఇంట్లో సేవ చేస్తావా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పైగా ఇంట్లో చేసిన సేవ పూటకి చెరిగిపోతుంది. తోమిన గిన్నె మళ్ళీ మాడుతుంది, తుడిచిన గచ్చు మీద మళ్ళీ చెప్పులు నడుస్తాయి. ఇక్కడ నిన్న పోసిన నీళ్ళు ఇవాళ చిగురై కనిపిస్తాయి. ఆ చిగురు కోసం ముప్ఫై తొమ్మిది మధ్యాహ్నాలు కునుకు మానుకుందావిడ.

నలభయ్యో మధ్యాహ్నం ఇదే. పన్నెండో చెట్టు, నారింజ, పూసింది. తెర మీద నొక్కే మీటలన్నీ మాయమయ్యాయి. గుడిసె తలుపు తెరుచుకుంది. అవ్వ కర్ర ఊతంతో బయటికొచ్చి ఒక్కో చెట్టునీ తడిమింది. నిమ్మ దగ్గర అవ్వ ఆగింది. "దీన్ని కాస్త లోతుగా నాటావు. గాలికి పడిపోతుందని కదూ?" అని తెర మీద అక్షరాలొచ్చాయి.

ఆవిడ నిజంగానే లోతుగా నాటింది. నిజంగానే గాలికనే నాటింది. ఇరవై రెండేళ్ళలో వేల మొక్కలు నాటితే, ఎందుకలా నాటావని అడిగిన మనిషి లేడు. చూపులేని అవ్వకి కనపడింది అది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారకడుతుంటే ఆవిడ నవ్వుతోంది. బస్తా మీద నిలవలేక లేచి నిలబడింది. "ఇదంతా ఒక్క చేతి పని. ఆ చేతికి పేరుండాలి. రాయి మీద ఎక్కిన పేరు మారదు" అంది అవ్వ. దీవి మధ్య నల్లరాయి లేచింది. ఉలి దెబ్బ దెబ్బకీ ఒక్కో అక్షరం మెరిసింది. లో, క, నా, థ్.

దీవిలోని కొంగలన్నీ ఎగిరి ఆ పేరు చుట్టూ ప్రదక్షిణం చేశాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు ఆట "నీ పేరు?" అనడిగితే వేలు దానంతటదే కొట్టేసింది. గ్యాసు ఫారం, కూతురి కాలేజీ ఫారం, నర్సరీ లైసెన్సు, అన్నిట్లో నింపేది ఆవిడే, నిండేది ఆయన పేరే. అదే అలవాటు.

షెడ్డు అవతలి మూల అంట్లు కడుతున్న కూలీ దీనమ్మ కత్తి పక్కన పెట్టి వచ్చింది. "ఏంటండి అమ్మగారూ, ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా?"

"రెండూనే దీనమ్మా. నలభై రోజులు నేను నీళ్ళు మోస్తే, చూడు, రాయి మీద ఎవరున్నారో."

దీనమ్మ వంగి చూసింది. "అయ్యగారా? మడతమంచం మీంచి లెగకుండానే దీవంతా పచ్చగా చేసేసేరాండి? ఎంత చాకచక్యవండీ."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వాగాక అలివేలుమంగ లేబుళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని మార్కరు మూత తీసింది. చెయ్యి అలవాటుగా "లో" రాసేసింది. ఆగింది. ఎదురుగా రెండొందల మందారాలు పసుపు మొహాలతో ఆవిడనే చూస్తున్నాయి. ఆ రాయి మీది పేరు ఇక మారదు. కానీ లారీ ఇంకా రాలేదు. "లో" ఉన్న లేబుల్ చెత్తబుట్టలో వేసి, ఇంకోటి తీసి "అ" రాసింది. పూర్తి పేరు రాసి ఎన్నేళ్ళయిందో, అక్షరాలు మొదట తడబడ్డాయి. పదో లేబుల్ కొచ్చేసరికి నిటారుగా నిలబడ్డాయి. ఆవిడ రాస్తుంటే దీనమ్మ గుచ్చుతూ పోయింది.

నాలుగున్నరకి లారీ వచ్చింది. బెంగుళూరు పార్టీ తరఫున సరుకెత్తే పెనుగొండ బుల్లిరాజు గారితో లోకనాథ్ టీ కొట్టు దగ్గర కబుర్లలో పడ్డాడు. ఇద్దరూ వచ్చేసరికి ఆఖరి వరస ఎక్కుతోంది. బుల్లిరాజు గారు ఒక లేబుల్ పైకి చదివారు. "అలివేలుమంగ. పేరు బాగుందండి. ఎవరండీ?"

"మంగా, ఏంటిది? లేబుళ్ళు తప్పు రాసేవు" అన్నాడు లోకనాథ్.

"చూసే రాసేనండి" అని, ఆవిడ బుల్లిరాజు గారి వైపు తిరిగింది. "అలివేలుమంగ నేనేనండి. గింజ నుంచి పెంచింది నేనే. నీళ్ళు రోజు విడిచి రోజు పెట్టమనండి. మొగ్గ రాలితే నాకు ఫోన్ చెయ్యమనండి."

"నెంబరు చెప్పండమ్మా" అన్నారాయన జేబులోంచి పెన్ను తీస్తూ.

లోకనాథ్ గొంతు తగ్గించాడు. "దింపించి మార్చెయ్. ఇంకా టైముంది."

"లారీ ఎక్కేసిందండి. ఎక్కాక మారదని పొద్దున్న మీరేగా చెప్పేరు."

వెనక తలుపు మూసి గొలుసు బిగించారు. లారీ కాలవగట్టు ఎక్కి వంతెన వైపు మళ్ళింది. రెండొందల పువ్వులు తలలూపుకుంటూ వెళ్ళాయి. లోకనాథ్ ఆ దుమ్ములోంచి వెనక్కి తిరిగి, తనకి బాగా వచ్చిన మాటే అన్నాడు. "సరే, టీ పెట్టు."

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండి" అంది అలివేలుమంగ, కోకోపీట్ బస్తా మీద కూర్చుని, మళ్ళీ మొదట్నించి మొదలెట్టిన ఆటలో "నీ పేరు?" గడిలో "అ" కొడుతూ.