తాతారావు కుడిచెయ్యి

అచ్చు రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్ళీ ముంచడం, మళ్ళీ గుద్దు. పెడన అద్దకం షెడ్డులో ఆ ఆదివారం తాతారావు ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం ఇంటిల్లిపాదీ బందరు ఎగ్జిబిషన్‌కి వెళ్ళాలి కనక మధ్యాహ్నానికల్లా చీర ముగించాలి. ఏళ్ళ తరబడి గుద్దీ గుద్దీ కొబ్బరిచిప్పలా గట్టిపడిన ఆ కుడి అరచేతికి ఈమధ్య స్పర్శ పోయింది. వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలియదు. పెళ్ళాంతో చెప్పాడా? అబ్బే! చెబితే ఆస్పత్రి అంటుంది, ఆస్పత్రివాళ్ళు పని మానెయ్యమంటారు. మానేసి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?

పైగా ఇప్పుడు మనవరాలి సంగతొకటి. కూతురు సుష్మితకి గుడివాడలో బట్టల కొట్లో పని దొరికింది. నాలుగేళ్ళ తనూజని వేసవంతా పెడనలో వదలాలా వద్దా అని ఊగిసలాడుతోంది.

"దీనికి కాలు ఒకచోట నిలవదు నాన్నా. చూసుకోగలవా?"

"నిన్ను పెంచలేదేంటే?" అని ఎగిరాడు తాతారావు. ఎగిరాడే గానీ లోపలంతా గుబులే. పిల్ల ఉండాలి, ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

అందుకే ఎగ్జిబిషన్‌లో పిల్లని ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. బందరు బందరంతా అక్కడే ఉంది. దుమ్ము, మైకుల గోల, కాగే నూనె వాసన. చెమట పట్టిన చిన్న వేళ్ళు ఎడమచేతికి తెలుస్తుంటే ధైర్యంగా ఉంది. భార్య వెంకటలక్ష్మి, కూతురు జెయింట్ వీల్ ఎక్కారు. "చెయ్యి వదలకు నాన్నా" అని సుష్మిత పైకి పోతూ కూడా అరిచింది.

"తాతయ్యా, పీచుమిఠాయి!"

డబ్బులు ఎడమ జేబులో ఉన్నాయి. పిల్లని కుడిచేతికి మార్చుకున్నాడు. అచ్చుని పట్టినట్టే బిగించి పట్టుకున్నాననుకున్నాడు. నోటిచ్చి, మిఠాయి అందుకుని, "ఇదిగో తల్లీ" అని వంగాడు. పిడికిలి బిగించే ఉంది. అందులో ఏమీ లేదు.

పైప్రాణాలు పైనే పోయాయి. "తనూజా! అమ్మడూ!" కాలు కాలిన పిల్లిలా బజ్జీల బండికీ బొమ్మల కొట్టుకీ మధ్య తిరిగాడు. ఎర్ర గౌనున్న ప్రతి పిల్లనీ పట్టి తిప్పి చూశాడు. ఒకావిడ తిట్టింది కూడా.

అంతలో మైకు పలికింది. "ఎర్ర గౌను వేసుకున్న పాప, పేరు తనూజంట, తాతయ్య కావాలని ఏడుస్తోంది. టిక్కెట్ల కౌంటర్ దగ్గరికి రావాలండీ!"

బతికించావురా దేవుడా అని తలెత్తితే, ఆకాశంలో సుష్మిత! "ఆపండి! నా కూతురండీ! ఆపండి!" ఆ చక్రానికేం, తాపీగా ఇంకో చుట్టు తిరిగింది.

కౌంటర్ దగ్గర తాతారావు ఎత్తుకున్న పిల్లని తల్లి లాక్కుంది.

"చెయ్యి ఎలా వదిలేశావు నాన్నా?"

"వదల్లేదమ్మా. జారిపోయినట్టు తెలీలేదు. ఈ చేతికి స్పర్శ లేదే."

సుష్మిత నమ్మలేదు. ఆ అరచెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. తాతారావు ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. వెంకటలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఆయన ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గుడివాడ బస్సులో పిల్ల తాతయ్య ఒళ్ళోనే నిద్రపోయింది. ఎడమచేత్తో పొదివి పట్టుకుని, కుడిచేత్తో దారంతా జుట్టు నిమిరాడు. పెడన వచ్చింది. సుష్మిత సీట్లోంచి లేవలేదు.

"దీన్ని తీసుకెళ్ళిపోతాను నాన్నా. ఏమనుకోకు. దీని బట్టలు తర్వాత పంపించండి."

"సర్లేమ్మా" అన్నాడు తాతారావు. పిల్లని మెల్లగా తల్లి ఒళ్ళోకి మార్చి దిగాడు. బస్సు గుడ్లవల్లేరు వైపు వెళ్ళిపోయింది.

"ఆ చేతిలో ఏంటండీ?" అంది వెంకటలక్ష్మి, కళ్ళు తుడుచుకుంటూ.

ఏముంది, ఏమీ లేదనుకుంటూనే కుడి పిడికిలి విప్పాడు. తనూజ తలలోని సీతాకోకచిలుక క్లిప్పు, దానికి చిక్కుకుని ఒక సన్నటి వెంట్రుక.