దొర కొలతకు కుట్టిన చొక్కా

హానా ఇంటి సామాను వీధిలో పడేస్తుంటే వీధంతా చూసింది. కోర్టు అమీనాలు లోపల, పోలీసులు గుమ్మం దగ్గర. మంచం, స్నానాల తొట్టి, గోడగడియారం, అత్తగారి నాటి పింగాణీ జగ్గులున్న చెక్క అలమర, ఒక్కొక్కటే వానలోకి వచ్చాయి. హానా మొగుడు డాయ్ చేసిన నేరం ఒక్కటే. కంపెనీ పెట్టిన దొంగ సంఘంలో చేరనన్నాడు. బొగ్గుగని కంపెనీది, ఇల్లూ కంపెనీదే కాబట్టి గనిలో మాట విననివాడికి ఇంట్లో చోటు లేదు. చట్టం అలాగే రాసుంది మరి. రాసినవాళ్ళెవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

పక్కింటి మార్గెడ్ పరదా చాటునుంచి చాలాసేపు చూసింది. చూడలేక పొయ్యి మీద నీళ్ళు పెట్టి, టీ కాచి, చక్కెర ఎక్కువేసి బయటికి తెచ్చింది. హానా అలమర మీద గోనెపట్టా కప్పుతోంది.

"హానా, ఇది కాస్త తాగు. వేడిగా ఉంది."

హానా తల తిప్పలేదు. గోనెపట్టా కొసలు ముడేస్తూ మొగుడితో అంది, "ఆ గడియారం తడుస్తోంది, ఇటు పెట్టు."

మార్గెడ్ కప్పు గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చీకటి పడేటప్పుడు చూస్తే కప్పు అక్కడే ఉంది, వాననీళ్ళతో నిండి.

నాంత్‌వెన్ లోయలో తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. పెద్ద సమ్మె చివర్లో, జనం గంజి కేంద్రాల మీద బతుకుతున్న రోజుల్లో, మార్గెడ్ మొగుడు ఐథెల్ గనిలోకి దిగాడు. దిగినవాడు సమ్మె ద్రోహి. మా లోయలో ద్రోహిని చంపరు. మాట్లాడ్డం మానేస్తారు. ఐథెల్ పోయాక ఆ మౌనం పెళ్ళానికి ఆస్తిగా మిగిలింది. దుకాణంలో అడిగింది కట్టిస్తారు, చిల్లర మాత్రం బల్ల మీద పెడతారు, చేతిలో పెట్టరు. చర్చిలో ఆమె కూచున్న బెంచీ మీద ఇంకెవరూ కూచోరు. కూతురు మెయిర్ లండన్‌లో ఎవరింట్లోనో పనిమనిషి. కొన్ని రోజులు సాయంత్రం దాకా పెదవి విప్పే పనే ఉండేది కాదు. ఎప్పుడైనా పిల్లినో పొయ్యినో తిట్టుకుంటే ఆ గొంతు తనదేనా అనిపించేది.

మంగళవారాలు తప్ప.

మంగళవారం సాయంత్రం కార్మికుల హాలు మేడ మీద పెద్దవాళ్ళకు క్లాసు జరిగేది. విషయం సాంఘిక, సాంస్కృతిక చరిత్ర. ఆ హాలు గని కూలీలు తమ కూలిలో కోత వేయించుకుని కట్టుకున్నది, కంపెనీది ఇటుక ముక్క కూడా లేదు. పాఠం చెప్పడానికి కాలేజీ నుంచి పెన్రీ మేష్టారు బస్సులో వచ్చేవాడు. బక్కపలచటి మనిషి, మా ఊరివాడు కాదు. ఎవరితో ఎవరికి మాటల్లేవో ఆయనకు తెలీదు. పాఠం అయ్యాక వరసగా ఒక్కొక్కర్నీ అడగడం ఆయన పద్ధతి. వంతు వచ్చినప్పుడు, "మీరేమంటారు మార్గెడ్‌గారూ?" అనేవాడు.

ఆమె చరిత్ర మీద మోజుతో వెళ్ళేదని నేను చెప్పను. ఆ ఒక్క ప్రశ్న కోసం వెళ్ళేది. అటూ ఇటూ ఖాళీ కుర్చీల మధ్య కూచుని, తన వంతు రాగానే, "నాకేం తెలుసు సార్," అనేది. అంతే. ఆ మాటతో వారమంతా గడిచేది.

హానా సామాను వీధిన పడిన వారం పాఠం కొయ్యగుర్రం గురించి.

"రాజుల కథలు రాసేవాళ్ళకు రాజులే జీతాలిస్తారు," అన్నాడు పెన్రీ. "మీ అమ్మమ్మల కథ మీరే చెప్పుకోవాలి. పూర్వం ఊళ్ళో పెద్దమనిషి అన్యాయం చేస్తే, కోర్టూ వాడి చేతిలోదే అయితే, జనం ఏం చేశారు? ముఖాలకు మసి పూసుకున్నారు. మగాళ్ళు ఆడవాళ్ళ గౌన్లు తొడుక్కున్నారు. వాడి బొమ్మను కొయ్యగుర్రం ఎక్కించి, పళ్ళాలు వాయించుకుంటూ వాడి గుమ్మం ముందుకే తీసుకుపోయారు. ఆ తర్వాత రోడ్ల మీద సుంకం గేట్ల కాంట్రాక్టర్లు పేద రైతుల్ని పీల్చుకు తింటుంటే, అవే గౌన్లలో గొడ్డళ్ళు పట్టుకుని వెళ్ళి ఆ గేట్లు నరికారు."

అసలు కార్మిక సంఘం కార్యదర్శి గోమర్ ముందు వరసలో కూచుంటాడు. నిటారు మనిషి, మొండి మనిషి. "మేమూ చేస్తాం సార్ ఆ పని," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "గుర్రం లేదుగానీ చొక్కా ఉంది. సమ్మెలో గనిలోకి దిగినవాణ్ణి పట్టుకుని తెల్ల చొక్కా తొడుగుతాం. పళ్ళాలు వాయిస్తూ ఇంటిదాకా ఊరేగిస్తాం. పెద్ద సమ్మెలో ఒకణ్ణి తీసుకొచ్చాం చూడండి, ఆ చొక్కా వాడికి మోకాళ్ళ దాకా. పిల్లలు కూడా వెనకాలే..."

అందరూ నవ్వారు. నవ్వు సగంలో ఉండగా ఒకరికి గుర్తొచ్చింది, ఆ తర్వాత ఇంకొకరికి. గోమర్ మాట మింగేశాడు. ఆ ఊరేగింపు ఆగిన గుమ్మం మార్గెడ్‌ది.

పెన్రీకి ఇదేం తెలీదు. "బాగుంది. మరి అదే ఊరేగింపును ఇంటి లోపల్నుంచి చూసినవాళ్ళు చెబితే చరిత్ర ఇంకా పూర్తవుతుంది. ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

మార్గెడ్ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"నేను చూశాను సార్. చప్పుడు వంతెన దగ్గర్నుంచే వినిపించింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతులు చొక్కాలోంచి బయటికి రావట్లేదు. మెయిర్‌కి దగ్గు. పాలు లేవు. గనిలోకి దిగొద్దని నేనూ పోట్లాడాను, విన్లేదు. తప్పు చేశాడు. చేయలేదని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ చొక్కా ఎవరిదో నాకిప్పటికీ తెలీదు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి గోడ మీద పెట్టాను. ఎవరూ తీసుకోలేదు. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మా ఆయన పోయినప్పుడు అదే తొడిగాను. ఇంట్లో అంతకంటే మంచి చొక్కా లేదు."

మార్గెడ్ మేష్టారి వైపే చూస్తూ చెప్పుకుపోయింది.

"మన దగ్గర ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదా సార్. మగాళ్ళే నడుస్తారు. ఆ రోజు పాస్టరుగారు, పెట్టె మోసే కూలివాళ్ళు తప్ప మగాళ్ళెవరూ రాలేదు. అందుకని నేనే నడిచాను. దారి పొడుగునా కిటికీలకు పరదాలు వేసి ఉన్నాయి."

గోమర్ ముఖం ఎర్రబడింది. "ద్రోహి ద్రోహే. అందరి పిల్లలూ దగ్గారు ఆ ఏడు."

"నిజమే అన్నా. కానీ సార్ చెప్పింది విన్నావుగా. అమ్మమ్మల కాలంలో గుర్రమెక్కింది ఎవరు? ఊరి పెద్దమనిషి, జమీందారు గుమాస్తా. మీ చొక్కా ఇన్నేళ్ళలో ఎవరికి తొడిగారు? ఆకలికి వంగినవాడికి. ఆకలి పెట్టినవాడికి ఒక్కసారైనా తొడిగారా?"

ఆ మాటతో కూచుంది. ఇంటికి ఒక్కతే నడిచింది. ఎవరూ కలవలేదు. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకుంటూ తెల్లార్లూ దొర్లింది.

రెండు రోజులకు ఎవరో తలుపు తట్టారు. ఆ తలుపు తట్టే మనిషి లేక ఏళ్ళయింది. పరుగెత్తుకెళ్ళి తీస్తే గుమ్మంలో లాసెల్స్ దొర, గని నడిపించే కంపెనీ ఏజెంటు. బొజ్జ, బంగారు గొలుసు, వాసన సబ్బు. ఆమె కాచిన టీని మెచ్చుకుంటూ తాగాడు. ఒంటరితనం ఎంత పాడుదో చూడండి, ఆ నిమిషం ఆమెకు ఆయన మీద కూడా ఆపేక్ష పుట్టింది.

"మీ ఆయన మా మనిషి. మీరూ మా మనిషే," అన్నాడు దొర. "ఈ ఇల్లు మీరున్నంత కాలం మీది. చిన్న సాయం చేయాలి. ఆ పెన్రీ క్లాసులో జనాన్ని గొడ్డళ్ళు పట్టమన్నాడట. ఆ ముక్క మీరు కోర్టులో చెబితే చాలు."

"అలా అన్లేదండీ. మా అమ్మమ్మల సంగతి చెప్పారు."

"అదే, కాస్త అటూ ఇటుగా చెప్పొచ్చు. మీరంటే వీళ్ళకేం ప్రేమా? మీకోసం ఒక్కడైనా ఏడ్చాడా?"

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. నిజం కాబట్టి గుచ్చుకుంది.

"ఏడవలేదు," అంది మార్గెడ్. "కానీ మా ఆయన మీ మనిషి కాదండీ. మీరు పెట్టిన పస్తుకు లొంగిన మనిషి. మీ టీ అయిపోయింది."

దొర లేచాడు. కోటు తొడుక్కుంటుంటే అతని భుజాల వెడల్పు, మెడ చుట్టూ, చేతుల పొడుగూ ఆమె పరకాయించి చూసింది. ఊరు వెలివేయక ముందు ఆమె కుట్టుపని చేసుకునేది లెండి. అలాంటి కళ్ళకు టేపు అక్కర్లేదు.

మంగళవారం పెన్రీ పాఠం చెప్పడానికి రాలేదు, సెలవు చెప్పడానికి వచ్చాడు. జిల్లా విద్యా కమిటీ క్లాసు ఆపేసింది. ఆ కమిటీలో దొర కూచుంటాడని అందరికీ తెలుసు. "నేను తిరుగుబాటు నేర్పుతున్నానట," అని పెన్రీ టోపీ చేతుల్లో తిప్పాడు. "నేను నేర్పిందేముంది, మీకు తెలిసిందే మీకు చెప్పాను." ఆఖరి బస్సు పట్టుకుని వెళ్ళిపోయాడు. జనం మాత్రం లేవలేదు. క్లాసు కాస్తా మీటింగయింది.

"కంపెనీ సంఘంలో చేరనన్నందుకు శుక్రవారం పై వీధి మొత్తం ఖాళీ చేయిస్తారు," అన్నాడు గోమర్. "అదే పూట వాళ్ళ పనుల్లోకి బయటి కూలీల్ని బస్సులో దింపుతున్నారు. బస్సు వంతెన దగ్గర ఆపుదాం. చొక్కాలు సిద్ధం చేయండి."

"బస్సులో వచ్చేదెవరు?" మార్గెడ్ ఈసారి కూచునే అడిగింది. "పక్క లోయలో పని పోయినవాళ్ళు. వాళ్ళకు చొక్కా తొడిగితే వాళ్ళ పెళ్ళాలు నాలాగ మిగులుతారు. దొర కారులోంచి చూసి నవ్వుతాడు."

"ఆవిడకేం, కంపెనీ ఇంట్లో హాయిగా ఉంది," అన్నారెవరో వెనకనుంచి.

మార్గెడ్ సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది. తన పడక దుప్పటి కోసి కుట్టింది. బల్ల చివరంటా వచ్చింది. గోమర్ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదెవడికి పడుతుంది తల్లీ, ఎద్దుకా?" అన్నాడు.

"పట్టేవాడు శుక్రవారం కారులో వస్తాడు."

ముందు ఒక ఆడమనిషి నవ్వింది, తర్వాత గదంతా. నవ్వులోనే వాదన మొదలైంది. దొరను ముట్టుకుంటే జైలేనన్నారు కొందరు. ముట్టుకోకపోతే వీధేనన్నారు ఇంకొందరు. హానా లేచింది. హాలు కింది గదిలో సామాను మధ్య కాపురం చేస్తున్న మనిషి. మార్గెడ్ వైపు చూడకుండా గోమర్‌తో అంది:

"అన్నా, ఆవిడ చెప్పింది సబబేనని ఆవిడకు చెప్పు. ఇల్లు పోతుంది, తెలుసా అని కూడా అడుగు."

"తెలుసని చెప్పు అన్నా," అంది మార్గెడ్.

గోమర్ ఇద్దరి మధ్యా నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆ పూట చేతులెత్తినవాళ్ళలో అతని చెయ్యి ఆఖరిది. కానీ ఎత్తాడు.

శుక్రవారం మా లోయ మీరు చూడాల్సింది. షిఫ్టు దిగిన మగాళ్ళు ముఖాల మసి కడుక్కోకుండా, పెళ్ళాల గౌన్లు పైన తొడుక్కుని వచ్చారు. ఆడవాళ్ళు మొగుళ్ళ టోపీలు పెట్టుకున్నారు. నిచ్చెనకు కట్టెలు కట్టి గుర్రం చేశారు. పళ్ళాలు, బకెట్లు, పొయ్యి కడ్డీలు, చేతికేది దొరికితే అది. అమీనాలు మొదటి గుమ్మంలో కాలు పెట్టేసరికి ఆ మోతకు వాళ్ళ మాట వాళ్ళకే వినబడలేదు. కూలీల బస్సు వంతెన మీద ఆగింది. దాన్నెవరూ ముట్టుకోలేదు. డాయ్ ఒక్కడే వెళ్ళి కిటికీలోంచి మాట్లాడాడు. కాసేపటికి బస్సులోవాళ్ళు సగం మంది దిగి, వచ్చిన దారినే నడిచి వెళ్ళారు.

దొర కారు దిగి పోలీసుల్ని కేకేస్తున్నాడు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. కొట్టలేదు, గిల్లలేదు, తోసుకుంటూ దగ్గరికి జరిగారు, అంతే. మార్గెడ్ చొక్కా మెడలోంచి వేసింది. ఒక చెయ్యి ఆమె లాగింది, రెండో చెయ్యి హానా లాగింది. కుట్టు ఎక్కడా బిగవలేదు, దర్జీ దుకాణంలో కుట్టించినట్టు పట్టింది. తొడిగిన ఆ చొక్కాతోనే ఆయన్ని నిచ్చెన గుర్రం పక్కన నడిపిస్తూ పై వీధి నుంచి గని గేటు దాకా తీసుకెళ్ళారు. జీవితంలో మొదటిసారి లాసెల్స్ దొర మా రోడ్డు మీద నడిచాడు.

గేటు దగ్గర లాఠీలు లేచాయి. తలలు పగిలాయి, గోమర్ చెయ్యి విరిగింది. కానీ పై వీధిలో ఆ రోజు ఒక్క మంచం కూడా బయటికి రాలేదు.

ఇన్‌స్పెక్టరు మార్గెడ్‌ను గుర్తుపట్టాడు. పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు, "నువ్వు ఐథెల్ పెళ్ళానివి కదూ. వీళ్ళు నిన్ను బెదిరించి చేయించారని చెప్పు. ఇంటికి పంపిస్తా. వీళ్ళు నీకేమవుతారు?"

"నేనే కుట్టాను, నేనే తొడిగాను," అంది మార్గెడ్. "కొలత కూడా నేనే తీసుకున్నాను. రాసుకోండి."

ఆమెను వ్యానెక్కించారు. జనం వ్యానును చుట్టుముట్టారు. గోమర్ విరిగిన చెయ్యి పట్టుకుని, మంగళవారం క్లాసు పోలీస్‌స్టేషన్ మెట్ల మీదేనని అరుస్తున్నాడు. పాఠం ఎవరు చెబుతారని ఎవరో అడిగితే, "అందరం చెబుతాం, వంతులవారీగా," అన్నాడు. వ్యాను కదిలింది. టోపీ ఎక్కడో పడిపోయి, జుట్టు విడిపోయిన హానా పక్కనే పరుగెత్తి కిటికీ కమ్మీ పట్టుకుంది.

"మార్గెడ్, పొయ్యి ఆర్పి వచ్చావటే?"

మార్గెడ్ కమ్మీ దగ్గరికి జరిగింది. లేదన్నట్టు తలూపింది.

"సర్లే, నే చూసుకుంటా. పిల్లిక్కూడా ఏదో ఒకటి పెడతాలే," అని హానా కమ్మీ వదిలేసింది.

వ్యాను వంతెన దాటింది. ఎదుటి బల్ల మీద కూచున్న కానిస్టేబులు ఆమె ముఖం చూసి, "ఇప్పుడేడ్చి ఏం లాభం అమ్మా, ముందే భయపడాల్సింది," అన్నాడు.

"భయం కాదు నాయనా," అంది మార్గెడ్ కొంగు లేని గౌను చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "పక్కింటావిడ నాతో మాట్లాడింది."