గొడుగు తినే ఎత్తు

మేం విమానాల్లోంచి దూకే ఈ ఎడారి మైదానంలో ఎవరు ఏ సాహసం మొదటిసారి చేసినా అందరికీ బీరు పోయించాలి. ఆ లెక్కన శుక్రవారం వెండెల్ రెండు పెట్టెలు తెచ్చాడు. దిగేముందు తన కొత్త పారాచూట్ గొడుగుని మొదటిసారి ముప్పావు చుట్టు గిర్రున తిప్పి, ఆ ఊపుతో నేలకి కాళ్ళు రాసుకుంటూ దూసుకొచ్చాడు మరి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సీసా ముట్టుకోలేదు. మా వాళ్ళలో అది చెంప మీద కొట్టినట్టే.

"ఏంటి డోరీన్, అలిగావా?" అన్నాడు వెండెల్.

"చావబోయేవాడి బీరు నాకొద్దు."

ఇక్కడ దూకేవాళ్ళ భద్రత చూసేదాన్ని నేను. నా ఎడమ తుంటిలో ఉన్న ఇనుప పలక కూడా ఇలాంటి చప్పట్ల పుణ్యమే. నాలుగు నెలల కిందట వాడు ఇంకా చిన్న గొడుగు కొంటుంటే వద్దని మొత్తుకున్నాను. గొడుగు చిన్నదైతే వేగం, వేగం ఉంటే పేరు. ఆదివారం ఇలా దూసుకొచ్చి దిగే పోటీ జాబితాలో వాడున్నాడు. ఆ పేరు కొట్టేసే అధికారం నాకుంది. కొట్టేస్తే పక్క మైదానానికి పోయి అక్కడ చస్తాడు. అందుకే వాడి చేత్తోనే కొట్టించాలని పంతం పట్టాను.

"ఆ తిప్పుకి నీ గొడుగు ఎంత ఎత్తు తింటుంది, ఎన్ని అడుగులు కిందకి జారుతుంది?" అని అడిగాను.

"నాలుగువందల యాభై అడుగులు. నేను ఆరువందల దగ్గర మొదలుపెడతా. ఇంకా నూటయాభై మిగుల్తాయి."

"ఎప్పుడు కొలిచావ్?"

"పాత గొడుగుతో. అదే తిప్పు కదా."

"రేపు పొద్దున్న నాతో ఐదువేల అడుగుల నుంచి దూకు. పైనే తిప్పి కొలువు. కిందకొచ్చాక మాత్రం తిన్నగా దిగు. నీ లెక్క నిజమైతే ఆదివారం ముందు వరసలో నేనే చప్పట్లు కొడతా."

"ఒకటో తరగతి పాఠమన్నమాట."

"అవును. అందులోనే తప్పావుగా."

శనివారం నా కళ్ళ ముందే, అంతెత్తున, మూడుసార్లు తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ మణికట్టు మీద ఎత్తు చూపే మీటరు చూసుకున్నాడు. తిన్నగా దిగాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎంత?"

"ఆరువందల ఇరవై. మూడోసారి ఆరువందల నలభై."

"నిన్న ఎక్కడ మొదలుపెట్టావ్?"

"ఆరువందల దగ్గర." గొడుగు కిందపడేసి అక్కడే కూలబడ్డాడు. "మరి నేనెలా బతికాను డోరీన్?"

"వీడియో చూశా. తిప్పు పూర్తి కాకముందే నీ చేతులు వేగం తగ్గించే బ్రేకు తాళ్ళు లాగేశాయి."

"నేను లాగలేదే. నాకసలు భయమే వేయలేదు."

"నీకు వేయలేదు. వాటికి వేసింది."

వాడు తన చేతులకేసి చూసుకుంటూ అడిగాడు, "రేపు అంతమంది చూస్తుంటే అవి మళ్ళీ లాగుతాయా?"

లాగుతాయని చెప్పి ధైర్యం ఇవ్వొచ్చు. నాకు అలా చెప్పబుద్ధి కాలేదు.

"తెలీదు," అన్నాను.

వాడు లేచి ఆఫీసులోకి వెళ్ళి, పెన్ను అడిగి, జాబితాలో తన పేరు తనే కొట్టేశాడు.