జైనబీ కష్టం, మేరిలూ పుస్తకం

మేరిలూ పెద్ద రచయిత్రి. ఈ మాట నేననడం లేదు, ఫిలిప్పీన్స్‌లో టీవీ వాళ్ళు అంటున్నారు. నా మటుకు నాకు ఆమె పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేస్తూ కాలరు దగ్గర మడత వదిలేసే మనిషి. ఒమాన్‌లోని అల్ ఖౌద్‌లో బద్రియా మేడమ్ ఇంట్లో మేమిద్దరం కలిసి పనిచేశాం. వంట నాది, పిల్లలూ బట్టలూ ఆమెవి. నా పేరు సుమలత, మాది రాజోలు దగ్గర. ఇంటర్ చదివాను, ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడతాను, తప్పులుంటే ఉండనీ. ఇదెందుకు చెబుతున్నానంటే, మేరిలూకి పేరు తెచ్చిన పుస్తకం నా ఇంగ్లీషులోంచే వెళ్ళింది. అందులో నా పేరెక్కడుందని మాత్రం అడక్కండి.

రచయిత అంటే బల్లా కుర్చీ, ముందర ఒక కిటికీ ఉంటాయనుకునేదాన్ని. మేరిలూకి కుడిచేతిలో ఇస్త్రీపెట్టె, ఎడమచేతిలో ఫోను. ఆ బొటనవేలితోనే నవలలు రాసేది. వాళ్ళ నాన్న ఎవరిదో చేపల పడవ మీద కూలి. ఈమె చదువుకుని టీచరైంది. బడిలో పిల్లలకి పాఠం చెప్పే జీతం కన్నా గల్ఫ్‌లో పిల్లలకి స్నానం చేయించే జీతం ఎక్కువని తెలిసి విమానమెక్కింది. రాత మాత్రం మానలేదు. ఫోనులో రోజుకో ముక్క చొప్పున వచ్చే ప్రేమకథలు ఆమెవి. ప్రతి హీరోకీ ఒక ఆసుపత్రి, ఒక హెలికాప్టరు, మనసులో ఒక పాత గాయం ఉండేవి.

"ఒక్కడైనా బస్సెక్కడా?" అని అడిగాను ఒకసారి.

"బస్సెక్కేవాడి కథ చదవడానికి డేటా ఎవరు ఖర్చుపెడతారు, ఆతే?" అంది. ఆతే అంటే వాళ్ళ భాషలో అక్క.

అలా హెలికాప్టర్లు ఎగురుతుండగా మనీలా నుంచి ఒక పబ్లిషర్ మెసేజ్ పెట్టాడు. "మీరు గల్ఫ్‌లో ఇంటిపని చేస్తున్నారట. ప్రేమకథలు చాలు. అక్కడ మీరు పడుతున్న కష్టాలు రాయండి. నిజకథ కావాలి. పుస్తకం వేస్తాం."

మేరిలూ వంటగదిలో గిరగిరా తిరిగి నన్ను వాటేసుకుంది. తర్వాత కుర్చీలో కూలబడింది. "ఆతే, నాకు కష్టాలేమున్నాయి?"

ఇద్దరం కూర్చుని వెతికాం. గదికి ఏసీ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం దాటితే పని లేదు. బద్రియా మేడమ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతుంది, తిట్టేటప్పుడు కూడా ముందు ప్లీజ్ అంటుంది. కష్టం దొరక్క మేరిలూ తనే పుట్టించాలని చూసింది. ఒకరోజు అన్నం మానేసింది. మేడమ్ కంగారుపడి క్లినిక్‌కి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు దానిమ్మ రసం తాగించింది. ఇంకోరోజు ధైర్యం చేసి, "మేడమ్, నా మీద ఒక్కసారి గట్టిగా అరుస్తారా?" అని అడిగింది. మేడమ్ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూసింది.

"నా నిజకథ రాస్తే వంటల పుస్తకం అవుతుంది" అని ఏడ్చింది పాపం. నన్నూ అడిగింది. నా కష్టాలన్నీ రాజోల్లోనే ఉండిపోయాయి, ఆమె పుస్తకానికి పనికిరావు.

కష్టం మా ఇంటికి శుక్రవారం శుక్రవారం కారెక్కి వచ్చేది. దాని పేరు జైనబీ.

మేడమ్ వాళ్ళ అన్న సహం అనే ఊళ్ళో ఉంటాడు. శుక్రవారం భోజనానికి భార్యాపిల్లలతో వచ్చేవాడు. పిల్లల్ని ఎత్తుకోవడానికి వెంట జైనబీ వచ్చేది. రాయచోటి మనిషి. భర్త పోయాక వచ్చింది. రెండేళ్ళ అగ్రిమెంటు ఎప్పుడో తీరిపోయి, మళ్ళీ అంత కాలం గడిచింది. ఇంటికి పంపమంటే రంజాన్ కానీయమంటారు, రంజాన్ అయితే బక్రీద్ కానీయమంటారు. పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉంది. పడక సామాన్ల గదిలో బియ్యం మూటల పక్కన. ఫ్రిజ్‌కి తాళం, తాళంచెవి ఆ ఇంటావిడ మెడలో.

జైనబీ కోరిక ఒక్కటే. ఆమె పంపిన డబ్బుతో రాయచోటిలో మరిది ఇల్లు కట్టించాడు. గచ్చు రంగు, కిటికీ ఊచలు అన్నీ ఆమే ఫోనులో చూసి ఎంచింది. ఆ ఇంట్లో మరిది కాపురముంటున్నాడు. కట్టించిన మనిషి ఇంకా గడప తొక్కలేదు.

"నా ఇంట్లో ఒక్క రాత్రి పండుకుంటే సాలు సుమక్కా. ఆనేక సచ్చినా పర్వాలే" అనేది.

"మా మేడమ్‌తో సెప్పనా? ఆవిడ మంచిదే" అన్నాను.

"వద్దక్కా. ఆయమ్మ పోయి వాళ్ళన్నను అడుగుతాది. ఈ సుక్కురారం రావడం కూడా నిలిచిపోతాది. గోడ దూకి పారిపోయి ఖల్లివెల్లి అయినానంటే పోలీసోళ్ళకు దాక్కుంటా బతకల్ల. ఇంటికి యాడ పోయేది?"

ఈమె కష్టం ఇలా ఉంటే, పక్కన మేరిలూ కష్టం లేక చిక్కిపోతోంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఒక శుక్రవారం, ఇంటిల్లిపాదీ తిని పడుకున్నాక, నీ కథ చెప్పమని మేరిలూ జైనబీని నోరు విడిచి అడిగేసింది. నేను తెలుగు చేసి చెప్పాను. జైనబీకి ఒకటే అనుమానం.

"రాస్తే ఎవురన్నా వస్తారా? నన్ను తోలకపోయేదానికి?"

మేరిలూ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వేలమంది చదువుతారు. ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు."

ఆ మాట మీద జైనబీ కథ మొదలుపెట్టింది. వారం వారం చెప్పింది. ఆమెది పాత పద్ధతి, కథ చెబితే ఎదుటివాళ్ళు ఊ కొట్టాల్సిందే, లేకపోతే ఆపేస్తుంది. ఫిలిప్పీన్స్ రచయిత్రి బుద్ధిగా ఊ కొట్టడం నేర్చుకుంది. జైనబీ తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషు చేసేదాన్ని, మేరిలూ ఫోనులో కొట్టుకునేది. ఎక్కడైనా చప్పగా అనిపిస్తే నేనూ కాస్త ఉప్పేశాను. జైనబీ కళ్ళు తుడుచుకుందంటే నేను భోరుమందని చెప్పాను. వంటమనిషిని, చెయ్యి ఊరుకుంటుందా?

మేరిలూ నన్ను మించింది. కథలో ఇంటావిడ ఇస్త్రీపెట్టెతో చేతిమీద వాత పెట్టిందని రాసింది. అలాంటిది జరగలేదు కదా అంటే, "జరగలేదు, కానీ పాఠకులు ఎదురుచూస్తారు" అంది. జైనబీ అని ఉండాల్సిన చోటల్లా నేను అని రాసింది. నిజకథ అన్నాక నేను అనే ఉండాలట.

పుస్తకం వచ్చింది. పేరు 'తాళం వేసిన ఫ్రిజ్'. అట్ట మీద మేరిలూ ఫొటో, దాని కింద ఒమాన్‌లో ఓ పనిమనిషి నిజకథ అని. అక్కడ జనం తెగ కొన్నారు. వాళ్ళమ్మ చదివి మంచం పట్టింది. ఊళ్ళో ప్రార్థనలు పెట్టారు. ఇక్కడ మేరిలూ ఆ వార్తలు చదువుకుంటూ, మేడమ్ తెచ్చిన కేకు తింటూ ఉంది.

"నా పేరు యాడుంది?" అని జైనబీ ఫోనులో ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ మంచికే పెట్టలేదంట" అన్నాను.

"పేరు లేకుంటే వచ్చేటోళ్ళు నన్నెట్ల కనుక్కుంటారక్కా?"

ఆ ప్రశ్న నేను ఇంగ్లీషు చేయలేదు.

అన్నట్టే వాళ్ళు వచ్చారు. మేరిలూ దేశంలోని ఏదో సేవాసంఘం తాలూకు ఇద్దరు ఆడవాళ్ళు, కెమెరాతో ఒక మగమనిషి. వచ్చింది సహానికి కాదు, మా గేటుకి. బద్రియా మేడమ్‌కి వాళ్ళెవరో తెలియదు. ఇంటికొచ్చిన వాళ్ళని ఎందుకొచ్చారని అడగడం ఇక్కడి వాళ్ళకి మర్యాద కాదు. కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పుల్లో కాఫీ పోసింది. వాళ్ళు ఆ కాఫీ తాగి, తమ బిడ్డను చెర విడిపించడానికి వచ్చామన్నారు.

మేరిలూని పిలిచి చొక్కా చెయ్యి పైకి మడిచి వాత కోసం వెతికారు. సీతాకోకచిలుక పచ్చబొట్టు కనబడింది. ఫ్రిజ్ చూపించమన్నారు. చూపించాను. తాళం లేదు. మేం వస్తున్నామని తెలిసి తీసేశారని ఒకామె రాసుకుంది. మా మేడమ్ బంగారం లాంటి మనిషని నేను కెమెరా ముందు గట్టిగా చెప్పాను. "పాపం, ఎంత భయపెట్టారో" అని నా వీపు నిమిరారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఇక మేరిలూ నోరు విప్పాలి. ఈ కథ నాది కాదు అంటే ఉద్యోగం ఉంటుంది, పుస్తకం అబద్ధమవుతుంది. నాదే అంటే పుస్తకం నిలబడుతుంది, మేడమ్ పరువు పోతుంది. మేరిలూ మేడమ్ వంక చూసింది, నా వంక చూసింది, తన ఏసీ గది తలుపు వంక చూసింది. చూసి బావురుమంది. అంత నిజమైన ఏడుపు ఆమె పుస్తకం మొత్తంలో లేదు. కెమెరా అతను దగ్గరికి జరిగి మరీ తీశాడు. ఆ ఏడుపే జవాబనుకుని, సాయంత్రానికి ఆమె పెట్టె సర్దించి వెంట తీసుకుపోయారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆ వీడియో ఊరంతా చూసింది. యూనివర్సిటీలో మేడమ్‌తో మాట్లాడేవాళ్ళు తగ్గారు. ఎవరో పుస్తకంలోని కొంత భాగం ఇంగ్లీషులో పంపితే మేడమ్ వంటగదిలోకి వచ్చి, నా ఎదుట కూర్చుని చదివింది.

"సుమా, మన గేటు పచ్చగా ఉందా?"

"లేదు మేడమ్."

"మనకి మేకలున్నాయా?"

"లేవు మేడమ్."

ఫ్రిజ్ తాళం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పచ్చ గేటూ మేకలూ అన్నగారివే. ఆ తాళం కూడా ఆవిడ ప్రతి పండక్కీ అన్నగారింట్లో చూసిందే, పిల్లలు చాక్లెట్లు తీయకుండా అనుకుందట. ఇప్పుడు తన పరువు దక్కాలంటే అన్న పేరు బయటపెట్టాలి. ఫోను బోర్లా పెట్టి లేచి వెళ్ళిపోయింది. మంచివాళ్ళ ఓపిక చూస్తే నాకు జాలితో పాటు కోపమూ వస్తుంది. ఊరందరి మాటలూ పడింది కానీ, అన్నని ఒక్క మాట అడగలేదు.

అడిగించింది జైనబీ.

కొన్ని వారాలు ఆగి సహం వాళ్ళు మళ్ళీ భోజనానికి వచ్చారు. జైనబీ చిక్కిపోయింది. ఎదురుచూసిన మనుషులు వచ్చి వేరే మనిషిని తీసుకుపోయిన సంగతి నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. టీ ట్రే నా చేతిలోంచి తీసుకుని తనే మేడమ్ గదిలోకి వెళ్ళింది. నేను బిస్కెట్లు పట్టుకుని వెనకే వెళ్ళాను. కప్పు అందిస్తూ అరబ్బీలో, చాలా వినయంగా చెప్పింది.

"మేడమ్, మేరిలూ ఫోన్ చేసింది. రెండో భాగం రాస్తోందట. ఈసారి ఊరి పేరు, ఇంటాయన పేరు కూడా వేస్తుందట. గేటు రంగు మళ్ళీ అడిగింది. చెప్పమంటారా?"

మేరిలూ ఫోన్ చేయలేదు. జైనబీ దగ్గర ఆమె నంబరే లేదు. అన్ని నవలలు రాసిన మేరిలూ కూడా ఒక్కసారైనా ఇలాంటి నాలుగు వాక్యాలు రాయలేదని ఒట్టేసి చెబుతాను. మేడమ్ కప్పు తాగకుండానే బల్ల మీద పెట్టేసింది. లేచి అన్న కూర్చున్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ముందు అన్న గొంతు వినబడింది, తర్వాత మేడమ్ గొంతు. ఈసారి ఆవిడ ప్లీజ్ అనలేదు.

అన్నకి పనిమనిషి కష్టం అర్థమైందని నేననుకోను. రెండో భాగం మాత్రం బాగా అర్థమైంది. మరో శుక్రవారం రాకముందే జైనబీ పాస్‌పోర్ట్ పాలిథిన్ కవర్లో మా ఇంటికి చేరింది. మేడమే టికెట్ కొని, విమానాశ్రయం దాకా వచ్చి దింపింది. జైనబీ నన్ను గట్టిగా పట్టుకుని, వదిలి లోపలికి పోయింది. నేను కారులో వస్తూ వస్తూ ఏడ్చాను, సంతోషానికే.

అక్కడ మేరిలూకి సన్మానాలే సన్మానాలు. ఊరూరా తిప్పి కష్టాల మీద మాట్లాడిస్తున్నారు. సన్మానాలతో పొయ్యి వెలగదు కాబట్టి మళ్ళీ గల్ఫ్‌కి వస్తానందట. అంత నరకం చూసిన మనిషిని తిరిగి పంపిస్తామా అని సంఘం వాళ్ళు ఒప్పుకోలేదు. "ఆతే, నా గదిలో ఇప్పుడెవరున్నారు?" అని నన్ను అడిగింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. పబ్లిషర్ రెండో భాగం అడుగుతున్నాడు, జైనబీ ఏమైంది, ముగింపు కావాలి.

జైనబీ అల్లిన అబద్ధాన్ని దేవుడు నిజం చేశాడని నవ్వుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జైనబీ గెలిచింది, ఇల్లు చేరింది, తన ఇంట్లో తను పడుకుంటోంది. మేరిలూ చాలా సంతోషించింది. నాలుగు రోజులకి నసుగుతూ మళ్ళీ ఫోన్ చేసింది. ఇల్లు చేరితే ఎవరూ కొనరని పబ్లిషర్ అన్నాడట. అందుకని రెండో భాగంలో జైనబీని తన స్నేహితురాలిగా పెట్టిందట, ఆ స్నేహితురాలు సహంలోనే, సామాన్ల గదిలో చనిపోతుంది. జైనబీ ఏమీ అనుకోదు కదా అని నన్ను కనుక్కోమంది.

నాకు తిక్క రేగింది. అయినా ఆ రోజే జైనబీకి వీడియో కాల్ చేశాను. తను ఎంచుకున్న గచ్చు మీద, తను ఎంచుకున్న కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. వెనకాల ఎవరో సిమెంటు రేటు గురించి గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఆ పిల్ల నిన్ను పుస్తకంలో సంపేత్తాదంట జైనబీ. వద్దని సెప్పేదా?" అన్నాను.

జైనబీ వెనక్కి తిరిగి చూసి, ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సంపనీలే సుమక్కా. మా మరిది పైన ఇంకొక అంతస్తు ఎయ్యల్లంటాండాడు. మళ్ళా యెప్పుడు పోతావు వదినా అని పొద్దున్నుంచి అడుగుతాండాడు. ఆ పుస్తకమేదో తొందరగా అచ్చేసి ఒకటి ఆయప్పకు పంపిచ్చమను. సచ్చినోళ్ళనైతే డ్యూటీకి తోలరు గదా."