కూర్చోవడానికి ముందు

పోర్టులో క్రేన్ నుంచి ఇనుప కడ్డీల కట్ట జారిపడిన రోజున అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ క్రేన్ నడిపినవాడికి ఆ తర్వాత కంటి మీద కునుకు లేదు. కేబిన్ ఎక్కితే చాలు, లీవరు ముట్టుకోవడానికే జంకేవాడు. పోర్టు డాక్టరు మాత్రలు రాసిచ్చి, ధ్యానం కూడా చేసుకోమన్నాడు.

అతని వదిన ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లలకు యోగా నేర్పుతోంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"కళ్లు మూసుకుని ఏమనుకోవాలో చెప్పు వదినా. మిగతాది నేను చూసుకుంటా."

"ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా! ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చో, చూద్దాం."

నాలుగో నిమిషానికే నడుము పట్టేసింది. ఏడో నిమిషానికి కాళ్లు తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని లేచాడు.

"ఒళ్లు గోలపెడుతుంటే మనసు మాట ఎవరు వింటారు మరిదీ?" అని నవ్విందామె.

మర్నాటి నుంచి పని మొదలైంది. రాత్రి తేలికగా తినడం, ఐదింటికి లేవడం, స్నానం చేసి ఖాళీ కడుపుతో మడమల నుంచి మెడ దాకా కీళ్లన్నీ వదులు చేసుకోవడం. దుప్పటి మడిచి తుంటి కింద పెట్టుకుంటే మోకాళ్లు నేలకు ఆనుతాయని, వెన్ను దానంతటదే నిలబడుతుందని చూపించింది. నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలమంది. ధ్యానం ఊసు మాత్రం ఎత్తలేదు.

"ఇంకెన్నాళ్లీ కసరత్తు?" అని విసుక్కున్నాడొకసారి.

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టుంది నీ వరస. వెన్ను నిలబెట్టు!"

ఐదో వారానికి అరగంట కూర్చోగలిగాడు. ఒళ్లు మాట వింది. కళ్లు మూస్తే మాత్రం ఒకటే ముఖం. కింద నిలబడి చేతులతో సైగలిచ్చే సిగ్నల్‌మ్యాన్‌ది. ఆ సంగతి వదినకు చెప్పేశాడు.

"కట్ట జారింది నా తప్పు వల్లే వదినా. ఆగమని అతను సైగ చేశాడు. నేనే చూసుకోలేదు. ఆఫీసులో మాత్రం, అతను సైగే ఇవ్వలేదని చెప్పా. అతన్ని గోడౌన్‌లో పడేశారు."

వదిన తిట్టలేదు. "దానికి నా దగ్గర ఆసనం లేదయ్యా," అంది.

మర్నాడు సూపర్‌వైజరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మూడు నెలలు క్రేన్ ఎక్కొద్దన్నారు. సిగ్నల్‌మ్యాన్‌ను పాత పనిలోకి పిలిచారు. గోడౌన్ నుంచి బయటికొస్తున్న అతన్ని గుమ్మంలో ఆపి, క్షమించమని అడిగితే అతను మొహం తిప్పుకున్నాడు.

"'తప్పు చేశావా నాన్నా' అని మా పిల్ల రోజూ అడుగుతోంది. నాకు కాదు, వచ్చి దానికి చెప్పు."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి చెప్పాడు. ఐదో తరగతి పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందమ్మా."

పిల్ల లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. సిగ్నల్‌మ్యాన్ కుర్చీ ముందుకు జరిపాడు.

ఆ ఆదివారం వదిన కొత్తగా ఏమీ నేర్పలేదు. కళ్లు మూసుకోమంది, అంతే. ఆలోచనలు రాకపోలేదు. వచ్చినవి వచ్చిన దారినే పోయాయి. వాటి మధ్య తన ఊపిరి చప్పుడు తనకే వినిపించింది. కళ్లు తెరిచేసరికి ఎండ గదిలో సగం దాకా వచ్చింది.

"ఎంతసేపైంది వదినా?"

"నేనూ చూసుకోలేదు," అంది వదిన, తన చాప చుట్టుకుంటూ.