గీత కింద పేరు

ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు గంగాభవానికి నవ్వొచ్చింది.

నర్సీపట్నంలో అబీద్ సెంటర్‌కి కాస్త ఇవతల, ఎరువుల కొట్టు మీద మేడలో జగదీశ్వరరావు గారు డేటా ఎంట్రీ సెంటర్ నడిపేవారు. పన్నెండు కంప్యూటర్లు, వరండాలో ఒక జనరేటరు. రెండువేల మూడు జూన్‌లో హైదరాబాదు నుంచి ఆయనకి కొరియర్‌లో కొన్ని సీడీలొచ్చాయి. వాటి నిండా పాతకాలపు ఓడల జాబితాలే. నూటపాతికేళ్ళ కిందట యూరప్‌లో బతుకు గడవని జనం ఆవిరి ఓడలెక్కి, అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళారు. ఓడ న్యూయార్క్ రేవు చేరగానే కెప్టెను అక్కడి అధికారులకి అందరి పేర్లూ రాసి ఇచ్చేవాడు. ఇప్పుడు వాళ్ళ మునిమనవలు తమవాళ్ళు ఏ ఓడలో వచ్చారో వెతుక్కుంటున్నారట. ఆ చేతిరాత కాగితాల ఫొటోలు తెర మీద చూసుకుంటూ పేరు, వయసు, వృత్తి, దేశం అన్నీ గడి గడికీ టైపు చెయ్యాలి. ఒక్కొక్క పేజీని ఇద్దరు విడివిడిగా కొడతారు. రెండూ కలవకపోతే ఆ పేజీ సారు దగ్గరికి వెళ్తుంది.

గంగాభవాని కొట్టే పేజీలే పక్క సీట్లో సూర్య కూడా కొట్టేవాడు.

"సూర్యా, ఇటు సూడు. మొగోడి పేరు ఓలె అంట!" అంది గంగాభవాని.

సూర్య తొంగిచూసి తనూ నవ్వాడు. ఆ వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళని పిలిచే పిలుపు అది. 'ఓలె, ఇలా రా' అంటారు. తెర మీద మాత్రం ఓలె టోర్గెర్‌సెన్, ముప్ఫై ఎనిమిదేళ్ళు, నార్వే దేశం, వృత్తి చేపల వేట అని ఉంది. కింద వరసలో భార్య మారిట్, ముప్ఫై ఒకటి. ఆ కింద ఇద్దరు ఆడపిల్లలు, ఏడేళ్ళది, నాలుగేళ్ళది.

అప్పుడు చూసింది గంగాభవాని. ఓలె పేరు మీద ఈ చివర నుంచి ఆ చివరికి సిరాతో గీత కొట్టి ఉంది. ఆఖరి గడిలో తారీఖు, నవంబరు తొమ్మిది, పద్ధెనిమిది వందల ఎనభై ఏడు. దాని పక్కన ఒకే ఒక్క మాట. మిస్సింగ్.

కొట్టేసిన వరసలు టైపు చెయ్యొద్దని గోడ మీద అంటించిన కాగితంలో ఉంది. గంగాభవాని దాన్ని వదిలేసి మారిట్ దగ్గర మొదలుపెట్టింది. కానీ వేళ్ళు సరిగా పడలేదు. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది.

గంగాభవాని వాళ్ళది నక్కపల్లి అవతల సముద్రపొడ్డు పల్లె. తండ్రి వరహాలు తొంభై ఆరు నవంబరులో, తుఫాను ముందు రోజు తెల్లవారుజామున మరో ముగ్గురితో కలిసి వేటకెళ్ళాడు. నాలుగో రోజుకి పడవ బోర్లాపడి ఒడ్డుకొచ్చింది. ఆ తర్వాత ముగ్గురి శవాలు దొరికాయి. వరహాలు దొరకలేదు. అధికారులు చనిపోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు తల్లి అప్పయ్యమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, తన మొగుడి పేరు రాయడానికి వీల్లేదంది. కర్మకాండలు చెయ్యనివ్వలేదు. బొట్టు, గాజులు తియ్యలేదు. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటుంటే కూతుర్ని తీసుకుని నర్సీపట్నం వచ్చేసి, బజార్లో ఎండుచేపలు అమ్ముతూ ఆ పిల్లని డిగ్రీ దాకా చదివించింది. ఏడేళ్ళూ నాన్న గురించి ఆ ఇంట్లో మాట లేదు. పోయాడనీ అనుకోలేదు, ఉన్నాడనీ అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు పోవడానికీ జనరేటరు అందుకోవడానికీ మధ్య సెంటర్‌లో నిమిషం పాటు ఏ చప్పుడూ ఉండదు. ఆ నిమిషంలో గంగాభవాని వెనక నుంచి ఎవరో ఆడమనిషి పిలిచింది.

"ఓలె."

"ఆఁ" అంటూ వెనక్కి తిరిగింది గంగాభవాని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నన్నెవులు పిలిసేరు?"

"ఎవరూ పిలవలేదే" అన్నాడు సూర్య.

మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కరెంటు పోయినప్పుడల్లా ఆ పిలుపు వినపడేది. అరుపు కాదు. గుంపులో తప్పిపోయినవాళ్ళని వెతుక్కుంటూ, పక్కవాళ్ళకి వినపడకూడదన్నట్టు పిలిచే పిలుపు. దాంతోపాటు తడిసిన గొంగళి వాసన. ఎవరో కుర్చీ వీపు పట్టుకుని, భుజం మీంచి తెర చూస్తున్నట్టు ఉండేది. గంగాభవాని వెనక్కి తిరిగి చూడటం మానేసింది. ఆ నిమిషంలో మెడ బిగించుకుని కూర్చునేది.

వారం తిరక్కుండానే, ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అప్పయ్యమ్మ వాకిట్లో కూర్చుని మెత్తళ్ళు ఏరుతోంది. తలెత్తి కూతురి వెనక్కి చూసింది.

"ఎవుల్ని తీసుకొచ్చినావే?"

"ఎవుల్నీ నేదమ్మా."

"మరి ఆ గుమ్మం కాడ నిలబడ్డదెవులు? నెత్తిన గుడ్డ కట్టుకున్నాది."

గంగాభవాని వెనక్కి తిరిగి చూసింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. అప్పయ్యమ్మ కాసేపు చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చేపల మీదికి వంగింది.

మర్నాడు గంగాభవాని సెంటర్‌కి వెళ్తూనే పాత పేజీ తెరిచి, వదిలేసిన వరస టైపు చేసింది. ఓలె టోర్గెర్‌సెన్. ముప్ఫై ఎనిమిది. చేపల వేట. చివరి గడిలో తారీఖు, మిస్సింగ్. ఆ తర్వాత తను అంతకుముందు కొట్టిన పేజీలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. గీత కింద ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది కనపడ్డారు. జ్వరంతో పోయిన పిల్లలు, కాన్పులో పోయిన తల్లి, ఓడలో పుట్టి మూడు రోజులు బతికిన బిడ్డ. అందరినీ టైపు చేసింది. సూర్య అవన్నీ వదిలేశాడు కాబట్టి అన్ని పేజీలూ తేడా వచ్చాయి.

జగదీశ్వరరావు గారు పిలిపించారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. ఆ రోజు పెంచారు.

"ఏటమ్మా ఇది? రూలు సూడలేదా? కొట్టేసిన లైన్లు వద్దని అంత పెద్ద అక్షరాలతో అంటించాను కదా!"

"సూసేను సార్. కానీ ఈళ్ళు ఓడెక్కనోళ్ళు కాదు సార్. ఎక్కి, మధ్యలో సచ్చినోళ్ళు. తారీఖు కూడా ఉన్నాది."

"అయితే? మనకెందుకు? వాళ్ళు చెప్పింది మనం చెయ్యాలి."

"ఆళ్ళ మనవలెవరైనా ఎతుక్కుంటే సార్? ఈ పేరు మనం కొట్టకపోతే ఆ మనిసి ఏ కాగితంలోనూ ఉండడు. ఊళ్ళోంచి ఎల్లిపోనాడు, ఇక్కడ దిగలేదు. మరెక్కడున్నట్టు సార్?"

జగదీశ్వరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే. మెయిలు పెడతాను. జవాబొచ్చేదాకా ముట్టుకోకు" అన్నారు.

జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అసలు ఓడ ఎక్కనివాళ్ళ పేర్లు మాత్రమే వదిలెయ్యాలట. దారిలో పోయినవాళ్ళవి తప్పకుండా కొట్టాలట. గోడ మీద కాగితంలో ఆ తేడా రాయలేదు. అప్పటిదాకా అయిన పేజీలన్నీ అందరూ మళ్ళీ చూసుకోవలసి వచ్చింది. మూడు వారాల పని. సెంటర్‌లో ఎవరూ గంగాభవానితో సరిగా మాట్లాడలేదు. సూర్య అయితే కుర్చీ అవతలికి లాక్కున్నాడు. "నీకెందుకొచ్చిన గొడవ? సచ్చినోళ్ళని లెక్కెట్టే పని మనకిచ్చేరా?" అన్నాడు ఒకరోజు. ఆ మూడు వారాల చివర్లో ఒక మధ్యాహ్నం అతనే ఒక పేజీ చూపించి, "ఈ గుంట పేరు సదవగలవా? నాకు అర్థం కావట్లేదు. రెండేళ్ళదంట" అన్నాడు. ఇద్దరూ తెర దగ్గరికి వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు.

సెంటర్‌లో పిలుపు ఆగిపోయింది. కరెంటు పోయినా నిశ్శబ్దం ఉత్త నిశ్శబ్దంగానే ఉంది. కానీ ఇంటి దగ్గర అప్పయ్యమ్మ ఆ మనిషిని చూస్తూనే ఉంది.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న అన్నం వండుతూ అప్పయ్యమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఆయమ్మ ఇంకా ఎల్లలేదే. ఎవులే ఆవిడ? నీకు తెల్సు. నీ మొకం సూత్తే తెలతన్నాది."

గంగాభవాని అంతా చెప్పింది. ఓడ సంగతీ, ఓలె సంగతీ, ఇద్దరు పిల్లలతో రేవులో దిగిన మారిట్ సంగతీ. అప్పయ్యమ్మ పొయ్యి ముందు కూర్చుని గరిటె చేతిలో పట్టుకునే విన్నది.

"ఆ రేవు కాడ ఆపీసరు నీ మొగుడేడీ అంటే ఏటి సెప్పిందో?"

"తెలీదమ్మా. కాగితంలో అది రాయరు."

"ఏటి సెప్తాది! ఎనకాల ఓడలో వొత్తన్నాడని సెప్పుంటాది." అప్పయ్యమ్మ గరిటె కింద పెట్టింది. "నానూ అలగే సెప్పేను కదా."

అన్నం ఉడుకుతోంది. గంజి పొంగి పొయ్యిలో పడుతున్నా ఆమె చూడలేదు.

"ఆ దినం మీ అయ్య ఎల్లనన్నాడే" అంది. "గాలి మారిపోనాది, నీళ్ళు నల్లగున్నాయి, ఇయేల వొద్దులే అన్నాడు. పక్కోళ్ళు ఎల్తన్నారు, నువ్వేటి ఆడదాని లాగ ఇంట్లో కూకుంటావా అన్నాను నాను. నవ్వేడు. ఏటీ అన్నేదు. వల భుజానేసుకుని ఎల్లిపోనాడు."

తల్లి ఏడేళ్ళుగా గుమ్మంలో అడ్డంగా నిలబడింది దేనికో ఆమెకిప్పుడు తెలిసింది.

"పోనాడని రాయిత్తే నానే తోసేసినట్టు రాయించినట్టే కదే. అందుకే రాయనియ్యలేదు. రాయకపోతే ఆడు ఇంకా దారిలో ఉన్నట్టే అనుకున్నాను. కానీ దారిలోనే ఒగ్గేసేను కదే ఆణ్ణి. ఒడ్డుకీ రానియ్యలేదు, పోనియ్యనూ లేదు."

గంగాభవాని వెళ్ళి పొయ్యి మీంచి అన్నం దించి, తల్లి పక్కన కూర్చుంది. నీ తప్పు కాదమ్మా అందామనుకుంది. అంటే అమ్మ నమ్మదని తెలుసు. ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, చాలాసేపు అలాగే ఉంచుకుంది. ఆ రోజు తర్వాత అప్పయ్యమ్మకి గుమ్మం దగ్గర ఎవరూ కనపడలేదు.

శవం దొరకని మనిషి ఏడేళ్ళయినా రాకపోతే పోయినట్టు రాస్తారట. ఏడేళ్ళు నిండిన మరుసటి వారం ఇద్దరూ నక్కపల్లి మండలాఫీసుకి వెళ్ళారు. వరహాలు తమ్ముడు సోములు పోలీసు కాగితమూ, ఊరి పెద్దల సంతకాలూ పట్టుకుని అక్కడికి వచ్చాడు. గుమాస్తా కాగితాలు తిరగేసి, దరఖాస్తు ముందు పెట్టుకుని కలం తీశాడు.

"పోయినాయన పేరు?"

సోములు నోరు తెరిచాడు. గంగాభవాని కూడా చెప్పబోయింది. అప్పయ్యమ్మ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె మొగుడి పేరు పైకి అనలేదు. 'మా గంగ వాళ్ళయ్య' అనేది, అంతే.

"వరహాలు" అంది.

గుమాస్తా రాసుకున్నాడు.

"ఏం పని?"

"సేపల యేట."

"ఎలా పోయారు?"

అప్పయ్యమ్మ బల్ల అంచు పట్టుకుంది. "గాలొచ్చింది బాబూ" అంది చివరికి.

శవం లేదు కాబట్టి దర్భలతో మనిషి బొమ్మ చేసి, సోములు ఒడ్డున కర్మ చేశాడు. ఊరి ఆడవాళ్ళు అప్పయ్యమ్మ చుట్టూ చేరబోతే, "నన్ను ముట్టుకోకండి" అని తనే గాజులు తీసి, బొట్టు తుడుచుకుంది. బొమ్మ కాలిన బూడిద కొంగున కట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు దాటింది, నడుము దాటింది. గంగాభవాని భయపడి "అమ్మా!" అని పరుగెత్తింది. అప్పయ్యమ్మ ఆగింది. అటు తిరిగి సముద్రంతో ఏదో చెప్పింది. కెరటాల హోరులో ఒడ్డున ఉన్నవాళ్ళెవరికీ వినపడలేదు. కొంగు విప్పి, నీళ్ళలో జాడించి, వెనక్కి వచ్చింది. ఆమె పెదాలు చలికి నీలంగా ఉన్నాయి. గంగాభవాని తల్లి తల తుడిచింది. నీళ్ళలో ఏం చెప్పావని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం నర్సీపట్నం బస్సెక్కారు. కిటికీలోంచి చెరుకు తోటలు వెనక్కి పోతున్నాయి.

"ఆ పిల్లలిద్దరూ ఏటయ్యేరో" అంది అప్పయ్యమ్మ.

"ఎవులమ్మా?"

"ఆ ఓడలో పిల్లలు. పెద్దోళ్ళయ్యుంటారు కదా?"

"అయ్యుంటారు. ఇప్పుడు నేరులే. నూట పదహారేళ్ళయిపోనాది."

"మరి తల్లితోటే ఉన్నారు కదా" అని అప్పయ్యమ్మ కూతురి భుజానికి తల ఆనించుకుంది. కోటవురట్ల దాటేసరికి నిద్రపోయింది.